గంతకు తగ్గ బొంత

మావాడి పదహారో పుట్టినరోజుకి మేం కొనిచ్చిన బహుమతి, నాలుగు నెలల తర్వాత వాడి అలమరలో చలికోట్ల వెనకాల దొరికింది. పెట్టెతో సహా. 200 డాలర్లు దాటిన వస్తువు. పారేశాడా అంటే లేదు, పోగొట్టాడా అంటే లేదు. దాచాడు. వాళ్ళ నాన్న కంటపడకుండా దాచాడు.

ఆ వస్తువు పేరు లోడర్. మీలో చాలామందికి తెలియకపోవచ్చు, నాకూ రెండేళ్ళ కిందట తెలీదు. మేముండే డల్లాస్ శివార్లలో మగపిల్లలకి పెయింట్‌బాల్ పిచ్చి ఎక్కువ. రెండు జట్లుగా విడిపోయి, చెట్ల చాటునుంచో గాలి నింపిన దిండ్ల చాటునుంచో ఒకళ్ళమీద ఒకళ్ళు రంగు గోళీలు కొట్టుకుంటారు. గోళీ రేగుపండంత ఉంటుంది, అంగుళంలో 68 వందల వంతులు. పైన పొర జెలటిన్, మనం మింగే మందు గొట్టాల్లాంటిదే. (జెలటిన్ దేంతో చేస్తారో మా అత్తగారికి చెప్పలేదు. మీరూ చెప్పకండి.) తగిలితే చిట్లుతుంది, రంగు అంటుకుంటుంది, ఔట్. గోళీని విసిరే పరికరాన్ని తుపాకీ అంటే మావాడు ఒప్పుకోడు, మార్కర్ అనాలిట. నాకూ ఆ పేరే నయం. మైదానం దాటాక మాత్రం దాన్ని సంచిలోంచి తీయడానికి వీల్లేదని మా ఇంట్లో కట్టడి. ఈ దేశంలో దూరంనుంచి చూసేవాళ్ళకి అది మార్కరో మరొకటో తెలియదు కదా.

ఇక లోడర్ అంటే ఆ మార్కర్ నెత్తిన కూర్చునే తొట్టి. మా ఊళ్ళో పిండిమరకి బియ్యం పట్టుకెళ్ళినప్పుడు చూసేదాన్ని. పైన రేకు తొట్టిలో బియ్యం పోస్తే వాటి బరువుకి అవే జారి రాళ్ళమధ్య పడేవి. తడి బియ్యమైతే దిగేవి కావు. మరాయన చేతిలో చిన్న కర్ర ఉండేది, తొట్టిని టకటకమని కొట్టేవాడు, మళ్ళీ దిగేవి. మామూలు లోడరూ అంతే. గోళీలు బరువుకి జారతాయి, ఒకదానికొకటి అడ్డం పడితే ఆగిపోతాయి, కుర్రాడు మార్కర్‌ని ఒకసారి కుదుపుతాడు. రెండో రకంలో ఆ కర్ర పని చిన్న మోటారు చేస్తుంది, లోపల ఒక రెక్క తిరుగుతూ గోళీల్ని కలబెడుతూ ఉంటుంది. మూడో రకం జారడాన్ని నమ్ముకోదు, గోళీల్ని తనే పట్టి కిందికి తోస్తుంది, సెకనుకి 20 పైనే పంపగలదంటారు. ధర కూడా ఆ వరసలోనే పెరుగుతుంది. మొదటిది పది డాలర్లకే వస్తుంది, మూడోది వందలమీద మాట.

మేం కొన్నది మూడోది.

ఎందుకు కొన్నామంటే, ఏమాటకామాటే చెప్పుకోవాలి, మా వారి ఆఫీసు స్నేహితుడి కొడుక్కి అది ఉంది. ఆ అబ్బాయి మావాడికన్నా ఏడాది చిన్న, పోటీలకి కూడా వెళ్తాడు. కొట్లో అతను "అన్నిటికన్నా మంచిది ఇదే" అన్నాడు. మా వారు ఇంకేం అడగలేదు, నేనూ అడగలేదు. ఏ మార్కర్‌కి అని అతను మమ్మల్ని అడగలేదు, మీ వాడు ఎలా ఆడతాడు అని అసలే అడగలేదు. అతనడిగినా చెప్పడానికి మా దగ్గర జవాబు లేదనుకోండి.

పెట్టె పట్టుకుని వాడి గదిలోకెళ్ళి, "ఏరా, ఇదెందుకు వాడట్లేదు?" అన్నాను. కాసేపు నసిగి చెప్పాడు. "దీంతో నేను త్వరగా ఔటైపోతున్నానమ్మా. నాన్న బాధపడతారని చెప్పలేదు." మరి దేంతో ఆడుతున్నావంటే, మార్కర్ అమ్మిన సీనియర్ కుర్రాడు ఊరికే ఇచ్చిన గీతలుపడ్డ నల్ల ప్లాస్టిక్ తొట్టిట. ఖరీదైనదాంతో ఔటవడమేమిటి, ఊరికే వచ్చినదాంతో బతకడమేమిటి, నాకు అర్థం కాలేదు. ఆ శనివారం వాణ్ణి దింపేసి వచ్చేయకుండా అక్కడే కూర్చున్నాను.

చెప్పడానికి సిగ్గుగా ఉంది, రెండేళ్ళలో నేనలా కూర్చోవడం అదే మొదటిసారి. ప్రతిసారీ దింపడం, పటేల్ కొట్లో కూరగాయలు కొనుక్కోవడం, సాయంత్రం వెళ్ళి తెచ్చుకోవడం. ఆ రోజు వల వెనక బల్లమీద, ఫ్లాస్కులో టీ పెట్టుకుని పొద్దున్నించీ చూశాను.

మావాడు పరిగెత్తడు. పడుకుంటాడు. ఆకులమీద బోర్లా పడుకుని, ఒక మోడు నుంచి ఇంకో మోడుకి పాకుతాడు. పది నిమిషాలు ఒక్క గోళీ కూడా కొట్టడు. తర్వాత రెండు కొడతాడు, ఎవడో ఒకడు చెయ్యెత్తుకుని బయటికొస్తాడు. పొద్దున 500 గోళీలు కొన్నాడు, సాయంత్రానికి మూడో వంతుకి పైగా సంచిలోనే ఉన్నాయి. పక్క మైదానంలో ఆడే పిల్లలు ఒక్కొక్కళ్ళు నడుముకి గోళీల గొట్టాలు కట్టుకుని దిగుతున్నారు. గొట్టానికి 140 పడతాయిట. ఒక్క ఆటలోనే నాలుగైదు ఖాళీ చేస్తున్నారు.

దాంతో లోడర్ సంగతి తేటపడింది. వాడు ఆడే చోట గోళీ ఒంటికే తగలక్కర్లేదు, చేతిలో ఉన్నదానిమీద పగిలినా ఔటే. మోడు చాటున తల దించుకుని పడుకున్నవాడికి పైకి కనిపించేది ఏమిటి? నెత్తిన ఉన్న తొట్టి. మేం కొన్నది పాతదానికన్నా ఎత్తు, బ్యాటరీలతో కలిపి బరువు కూడా. పైగా మోటారు. చెట్లమధ్య గాలి కూడా ఆగిపోయినప్పుడు జుయ్యిమంటే, ఎక్కడ దాక్కున్నదీ అరిచి చెప్పుకున్నట్టే. పోనీ ఆ వేగం వాడికి ఉపయోగపడిందా అంటే అదీ లేదు. వాడిది టిప్‌మన్ 98, బ్యాటరీ లేని మార్కర్. వేలితో ఒకసారి నొక్కితే ఒక గోళీ. వాడు నొక్కేదే నిమిషానికి రెండు. సెకనుకి 20 తోసే యంత్రం ఆ నెత్తిన కూర్చుని ఏం చేస్తుంది? ఇద్దరికి కాఫీ కలపడానికి పెళ్ళి గుండిగ పొయ్యెక్కించినట్టు.

ఆ ఖరీదైన రకం వృథా అని నేననను. ఆ స్నేహితుడి కొడుక్కి అది లేకపోతే గడవదు. అతని మార్కర్ కరెంటుది, వేలు తాకితే చాలు గోళీలు వరస కడతాయి. పోటీల్లో సెకనుకి పది పైచిలుకు దగ్గర పరిమితి పెడతారు, ఆ పదీ అందాలంటే జారే తొట్టి చాలదు. గాలి దిండ్ల మైదానం చిన్నది, అందరూ అందరికీ కనబడుతూనే ఉంటారు, మోటారు చప్పుడుతో పనిలేదు. అక్కడ మావాడి ఉచితం తొట్టి పెట్టుకుంటే నాలుగో గోళీకి ఖాళీ దెబ్బ కొట్టి నవ్వులపాలవుతాడు. ఇక పిల్లవాడిది బ్యాటరీ లేని మార్కరే అయినా చెయ్యి ఆగని రకమైతే, కలబెట్టే రెండో రకం కొనండి. గోళీ పూర్తిగా దిగకముందే మీట నొక్కితే అది లోపలే తెగి, రంగంతా గొట్టంలో పులుముకుంటుంది. కరెంటు మార్కర్లలో చాలావాటికి లోపల కన్ను ఉంటుంది, గోళీ వచ్చేదాకా ఆగుతాయి. మనదానికి ఆ కన్ను లేదు. ఒక్కో నొక్కుకి ఒకసారి ముందుకీ వెనక్కీ తోసే పంపు మార్కర్ అయితే యాభై గోళీల బుల్లి తొట్టి కూడా ఎక్కువే.

కొనేముందు మార్కర్ మెడ చూడ్డం మరవకండి. మా వీధిలో ఒకావిడ కొడుకు దగ్గర టిప్‌మన్ ఏ-5 ఉంది. దానికి గోళీలు తోసే చక్రం మార్కర్‌కే పక్కన అమర్చి ఉంటుంది, అదే గాలితో తిరుగుతుంది, బ్యాటరీ అక్కర్లేదు. దాని తొట్టి ఆకారమే వేరు. ఆవిడ మామూలు లోడర్ కొనుక్కొచ్చి, మూత సరిపడని కుక్కర్‌లా తిప్పి తిప్పి చూసి వెనక్కిచ్చొచ్చింది.

నా బాధ ఆవిడ గురించి కాదు, మా గురించే. మేం లోడర్ కొన్నది మా పిల్లాడికి కాదు. స్నేహితుడి కొడుకులాంటి పిల్లాడు మాకుంటే, వాడికి కొన్నాం. వాడి పాదం కొలత తెలుసు, చొక్కా కొలత తెలుసు, ఇడ్లీలో ఏ పచ్చడి తింటాడో తెలుసు. ఎలా ఆడతాడో తెలీదు. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. ఇక్కడ ఆ వాత మా చేత్తో మేమే వాడికి పెట్టాం, మూడు నెలలు వాడు మంటని ఓర్చుకుని, తర్వాత నోరెత్తకుండా అలమరలో పెట్టేశాడు. మీ ఇంట్లో కూడా అలమరల వెనక ఒకసారి చూడండి. కీబోర్డో, టెన్నిస్ రాకెట్టో, డాన్సు గజ్జెలో ఏదో ఒకటి ఉంటుంది.

మా వారికి చెప్పినప్పుడు ఆయన మొహం చిన్నబోయింది. "వాడు భయపడి ఆడుతున్నాడు. మంచి సరుకు చేతిలో ఉంటే ధైర్యం అదే వస్తుంది" అన్నారు. "భయం కాదండీ, కాచుకోవడం. రేపు మీరే వచ్చి చూడండి" అన్నాను. రాలేదు. రెండు వారాలు ఆ మాటే ఎత్తలేదు.

ఆయన్ని కదిలించింది నా వాదన కాదు, ఆ ఆట పుట్టుక. మావాడు భోజనాల దగ్గర చెప్పాడు. మొదటి ఆట 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్‌లోని హెనికర్ అనే ఊరి దగ్గర అడవిలో జరిగిందిట. పన్నెండుమంది దిగారు. అందరి చేతుల్లో ఉన్నది నెల్‌స్పాట్ 007, చెట్లమీదా పశువులమీదా గుర్తులు పెట్టడానికి వాడే పనిముట్టు. జట్లు లేవు, ఎవరికి వారే, నాలుగు చోట్ల ఉన్న జెండాలు ఏరుకురావాలి. గెలిచింది అడవుల పని తెలిసిన ఒకాయన. ఒక్క గోళీ కూడా కొట్టకుండా గెలిచాడు.

"ఒక్కటి కూడానా?" అన్నారు మా వారు, అన్నం కలపడం ఆపి.

"ఒక్కటి కూడా."

ఆ తర్వాతి శనివారం ఆయనే కారు తాళాలు తీసుకున్నారు.

లోడర్‌ని వేరే కుర్రాడికి అమ్మేశాం, పెట్టిన డబ్బులో సగం పైగా వచ్చింది. ఆ డబ్బుతో మావాడికి రెండు పొరల అద్దం ఉన్న కొత్త ముసుగు కొన్నాం. నన్నడిగితే ముందు కొనాల్సింది అదే. గోళీ సెకనుకి 280 అడుగుల వేగంతో వస్తుంది, కంటికి తగిలితే ఇక లోడర్ గురించి మాట్లాడుకోవడానికేం ఉండదు. టెక్సాస్ ఎండలో ఒక పొర అద్దానికి లోపల ఆవిరి పడుతుంది. కనబడక పిల్లలు మైదానంలోనే ముసుగు ఎత్తుతారు, ప్రమాదం అక్కడే. రెండు పొరలుంటే అంత తొందరగా ఆవిరి పట్టదు. లోడర్‌లో తగ్గించుకోండి, ముసుగులో వద్దు.

ఊరికే వచ్చిన తొట్టికి కూడా సేవ తప్పలేదండోయ్. గోళీల్ని కారు డిక్కీలో వదిలేస్తే వేసవిలో పిప్పరమెంట్లలా అతుక్కుంటాయి, అప్పుడు ఎంత కుదిపినా దిగవు. లోపల ఒకటి చిట్లితే నీళ్ళతో కడిగి, పొడిబట్టతో తుడిచి, పూర్తిగా ఆరాకే మళ్ళీ నింపాలి. తడి తగిలితే ఆ పొర మెత్తబడిపోతుంది. మా ఇంట్లో ఆ కడిగే పని మావాడిదే, నా సింకులో మాత్రం కాదు.

మొన్న మళ్ళీ వెళ్ళాం, ముగ్గురం. వల వెనక బల్లమీద మా వారు సంచి విప్పి, గోళీలు తనే ఆ నల్ల తొట్టిలో పోస్తున్నారు. మావాడు సగం కాగానే "చాల్లే నాన్నా, అన్ని కొట్టను" అన్నాడు. ఆయన ఆపలేదు. "సగం ఉంటే పాకేటప్పుడు గలగలమంటాయిరా. నిండా ఉంటే చప్పుడుండదు" అని, పైదాకా పోసి, మూత నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి వాడి చేతికిచ్చారు.