జాబ్ మేళాలో జీతం ముందే చెప్పించండి

రాష్ట్ర ఉపాధి శాఖ మంత్రిగారికి,

25 మంది, అంతకుమించి పనిచేసే ప్రైవేటు సంస్థలు ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీకి తెలపాలని 1959లోనే చట్టం వచ్చింది. అక్కడినుంచే మనుషుల్ని తీసుకోవాలని మాత్రం అది అనలేదు. అందుకే పేరు నమోదు చేయించుకుని కూడా జాబ్ మేళాల వెంట తిరుగుతున్నాం.

అక్కడేముంది? ఎండలో క్యూ, రెండు నిమిషాల మాటలు, "ఫోన్ చేస్తాం" అన్న జవాబు. జిరాక్సు తీయించిన రెజ్యూమె అట్టపెట్టెలో పడుతుంది. ఫ్రెషర్లకే అని రాసిన స్టాల్లో రెండేళ్ల అనుభవం అడుగుతారు. జీతమెంతంటే "ఇండస్ట్రీ ప్రకారం" అంటారు. (దాంతో హాస్టల్ ఫీజు కట్టమంటారా?)

స్టాలు అడిగిన ప్రతి కంపెనీ చేతా పోస్టులెన్ని, జీతమెంత, పని ఏ ఊళ్లో అన్నది ముందే రాయించండి. ఎంపికైనవాళ్ల లెక్క మర్నాడే పేపర్లో వస్తుంది. మూణ్ణెల్లు ఆగి, చేరి నిలిచినవాళ్ల లెక్క కూడా వేయించండి.

ఇట్లు,
ఓ నిరుద్యోగ పట్టభద్రుడు