తప్పంతా తినేవాడిదేనా?

నూనె తగ్గించు. వేపుళ్లు మానెయ్. పొద్దున్నే నడువు. కొలెస్ట్రాల్ పెరిగిందనో, కాలేయానికి కొవ్వు పట్టిందనో రిపోర్టు పట్టుకొచ్చిన వాళ్లకు మన ఆసుపత్రుల్లో దొరికే సలహా ఇదే. మంచిదే, కాదనను. కానీ ఏం పని చేస్తావు, ఏ బోరు నీళ్లు తాగుతావు, మీ ఊరి వాగులో ఏం కలుస్తోంది అని అడిగే నాథుడేడీ?

పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిలో సీసం, ఆర్సెనిక్, క్రోమియం, నికెల్ మితిమీరి ఉన్నాయని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లోనే ప్రకటించారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారాన్ని అతి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. అక్కడి నక్కవాగు ఒడ్డున బతికే మనిషికి ఒంట్లో కొవ్వు లెక్క తప్పితే, ఈ కాగితాలు ఒక్క డాక్టరు బల్ల మీదికైనా రావా?

ఈ విషాలకూ కొవ్వుకూ ఏం సంబంధమంటారా? కొవ్వు కణం ఒంటికి గాదె లాంటిది. మిగిలిన శక్తిని దాచి, అవసరానికి తీసిస్తుంది. ఆర్సెనిక్ కొత్త కొవ్వు కణాలను ఎదగనివ్వదు, ఉన్నవాటి నుంచి కొవ్వును రక్తంలోకి తోస్తుంది. గాదెలో చోటు దొరకని కొవ్వు కాలేయంలో, కండరాల్లో చేరుతుంది, ఇన్సులిన్ పనిని చెడగొడుతుంది. కాడ్మియం అనే మరో విష లోహం పెట్టిన ఎలుకల్లో కొవ్వు కణాలు కుంచించుకుపోయాయి. సీసం ఎక్కించిన ఎలుకల కాలేయం కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా తయారుచేసింది. పైగా కాడ్మియం ఒకసారి మూత్రపిండాల్లో చేరితే దశాబ్దాలపాటు అక్కడే ఉంటుంది. మర్నాటి ఉదయపు నడకతో పోయే సరుకు కాదది.

ఎలుకల సంగతి మనుషులకెలా వర్తిస్తుందంటారా? ఆర్సెనిక్ నీళ్లు తాగిన తైవాన్, బంగ్లాదేశ్ పల్లెల్లో మధుమేహం ఎక్కువగా కనబడింది. మన పల్లెల్లో కనబడలేదంటే, వెతికి చూశాకే ఆ మాట అనాలి. వెతకకుండా రుజువేదని అడగడం దబాయింపు!

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో పడిపోయారు. వాళ్ల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పాక అందరూ ఉలిక్కిపడ్డారు. తర్వాత అనుమానం పురుగుమందుల మీదికి మళ్లింది, సీసం ఊసే లేకుండా పోయింది. నడిరోడ్డు మీద పడిపోతేనే మనకు జబ్బా? ఏళ్ల తరబడి లోలోపల కాలేయాన్ని తినేస్తే కాదా?

కాలుష్యవాడల చుట్టుపక్కల ఊళ్లలో రక్తపరీక్షలు చేయండి. ఏ బోరులో ఏముందో పంచాయతీ గోడ మీద తెలుగులో రాయండి. అంతవరకూ పేదవాడి కంచం వంక వేలు చూపించే హక్కు ఎవరికీ లేదు.