డోరు మీద గీత కాదు, బాడీలో తుప్పు చూడండి

మా వెంకటమ్మనహళ్లి దావల్లో కంప గీకని పికప్ లేదు. చిన్న గీత కనపడితే చాలు, డోరంతా పెయింట్ కొట్టించేవాళ్లు ఉన్నారు. నన్నడిగితే అది దండగ. గోరుతో గీరి చూడండి. గోరు తగులుకోలేదంటే పాలిష్ చాలు. ఇనుము కనపడిందంటే మాత్రం వానలకు ముందే ఉప్పుకాగితంతో తుప్పు పోయేదాకా రుద్ది, రెడాక్సైడ్ పూసి, ఆరినాక రంగు వెయ్యాల.

అసలు బండిని తినేది వెనక బాడీలో ఉంది. తడి మల్బరీ కొమ్మలు ఒక పక్క, శుద్ధి చేసిన చంద్రికల నుంచి కారే బ్లీచింగ్ నీళ్లు ఇంకో పక్క. మనం షెడ్డుకు కొట్టే 2 శాతం బ్లీచింగ్ ద్రావణం రోగక్రిములనే కాదు, ఇనుమునూ వదలదు. అయినా డోరుకు పాలిష్ కొట్టే మనిషి బాడీలో రెండు బిందెల మంచినీళ్లు పొయ్యడు! ఎవరు చూస్తారులే అని. బండి అమ్మేటప్పుడు కొనేవాడు టార్పాలిన్ ఎత్తి చూడడా?

పురుగు మేస్తున్నప్పుడు షెడ్డు దగ్గర పెయింట్, థిన్నర్ డబ్బా మూత కూడా తియ్యొద్దు. పట్టుపురుగుకు ఆ వాసన పడదు. గూళ్లు మార్కెట్టుకు పోయినాక, మళ్లీ చాకీ తెచ్చేలోపు ఆ పని ముగించుకోండి. అప్పటికీ బాడీలో వాసన మిగిలుంటే చాకీకి బాడుగ ఆటో పిలుచుకోండి.