తలుపు తీసింది తండ్రే

తండ్రీ కొడుకుల తగువును పాతకూ కొత్తకూ మధ్య పోరుగా చదవడం మనకు అలవాటైపోయింది. తండ్రి ఆచారం వైపు, కొడుకు మార్పు వైపు, మధ్యలో తల్లి కన్నీళ్లు. నైజీరియా ఇగ్బో రచయితల నవలలనూ మనవాళ్లు ఈ లెక్కలోనే వేసేస్తారు. శ్రద్ధగా చదివితే ఆ లెక్క నిలవదు. చినువా అచెబె 1964లో ప్రచురించిన 'ఆరో ఆఫ్ గాడ్'లో ఎజేవులు ఉమువారో ఆరు ఊళ్లను కాచే దేవుడికి ప్రధాన పూజారి. తెల్లవాళ్ల చర్చి వచ్చినప్పుడు ఆయనే తన కొడుకుల్లో ఒకణ్ణి, ఒడుచెను, అక్కడికి పంపుతాడు. వాళ్ల విద్యలో ఏముందో చూసి రమ్మంటాడు, అక్కడ తన కన్నుగా ఉండమంటాడు. కుర్రాడు చదువుతో పాటు అక్కడి పట్టుదలా నేర్చుకున్నాడు. ఊరంతా పవిత్రంగా చూసుకునే కొండచిలువను పట్టి, తన పెట్టెలో పెట్టి తాళం వేశాడు. పెట్టె దానంతట అది కదులుతుంటే ఇంటిల్లిపాదీ హడలిపోయారు. చివరికి తండ్రే వచ్చి మూత పెకలించాల్సి వచ్చింది. కొడుకు చేసింది మహాపరాధమే. కానీ ఆ కొడుకును ఆ గుమ్మం దాటించింది ఎవరు? ఇలాంటి తగువుల్లో తండ్రి మార్పుకు అడ్డుగోడ కాడు, మార్పును మొదట ఇంట్లోకి పిలిచినవాడు ఆయనే. తాను మొదలుపెట్టినది తాను గీసిన గీత దగ్గర ఆగలేదన్నదే ఆయన బాధ అని నేనంటాను.

ఈ మాటకు సాక్ష్యం కోసం ఆఫ్రికా దాకా పోనక్కర్లేదు. కలకత్తాలో గార్డెన్ రీచ్‌ను ఆనుకుని ఉన్న ఖిదిర్‌పూర్‌లో, ఇగ్బో నవలలకు నూరేళ్ల ముందే, ఈ కథ నిజంగా జరిగింది. రాజనారాయణ్ దత్తు జెస్సోరు జిల్లా సాగర్‌దాడీ నుంచి వచ్చి సదర్ దీవానీ అదాలత్‌లో వకీలుగా బాగా సంపాదించిన మనిషి. ఆయన ఎదిగింది ఫార్సీ చదువుతో. అంటే అంతకు ముందరి పాలకుల భాషతో బతుకు కట్టుకున్నవాడు. గాలి ఇంగ్లీషు వైపు తిరిగిందని ముందే పసిగట్టి, ఒక్కగానొక్క కొడుకు మధుసూదన్‌ను హిందూ కాలేజీలో వేశాడు. కొడుకు షేక్స్పియర్‌నూ బైరన్‌నూ నెత్తికెక్కించుకున్నాడు, ఇంగ్లండు వెళ్లి కవి కావాలని కలలు కన్నాడు. తండ్రి సంబంధం కుదిర్చి పెళ్లి ముహూర్తం దాకా వచ్చేసరికి ఇల్లు వదిలిపోయి, 1843 ఫిబ్రవరి 9న క్రైస్తవం పుచ్చుకున్నాడు. అప్పటికి పంతొమ్మిదేళ్లు. హిందూ కాలేజీలో క్రైస్తవుడికి చోటు లేదు. మరుసటి ఏడు శిబ్‌పూర్‌లోని బిషప్స్ కాలేజీలో చేరాడు. గార్డెన్ రీచ్ ఒడ్డున నిలబడి చూస్తే, హుగ్లీకి అవతలి గట్టు మీద బొటానికల్ గార్డెన్ పక్కన ఉండేది ఆ కాలేజీ. అక్కడి ఖర్చు ఎవరు పెట్టుకున్నారన్నది ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యం. ఆ తండ్రే. మతం మారిన కొడుకు చదువుకు, ఆ మతం వాళ్ల కాలేజీలోనే, కొన్నేళ్లు డబ్బు కట్టాడు. తర్వాత ఆపేశాడు, అదీ నిజమే. కట్టిన చెయ్యి, ఆపిన చెయ్యి ఒకటే. ఆయన్ని ఛాందసుడని ఒక్క మాటతో పక్కన పెట్టేస్తే ఆ కట్టిన చేతికి అన్యాయం చేసినట్టే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. ఎజేవులు, రాజనారాయణ్ సరే, 1958లో వచ్చిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్'లో ఒకాంక్వో మాటేమిటి? ఆయన కొడుకును ఏ చర్చికీ పంపలేదు. ఆ కొడుకు న్వోయె మిషనరీల మధ్య కనిపించాడని తెలిసి మెడ పట్టుకుని చావబాదాడు. ఆచారానికి అంతకన్నా పెద్ద కాపలాదారు ఎవరుంటారు? కానీ ఒకాంక్వో తన తండ్రి ఉనోకా పట్ల ఎలా ఉన్నాడో గుర్తు చేసుకోవాలి. వేణువు ఊదుకుంటూ, అప్పులు చేస్తూ, ఒక్క బిరుదైనా సంపాదించకుండా పోయిన ఆ తండ్రి ఇష్టపడిన ప్రతిదాన్నీ ద్వేషించడమే తన జీవిత సూత్రంగా పెట్టుకున్నాడు కొడుకు. తండ్రిని కాదని బతకడం న్వోయెకు ఆ ఇంట్లోనే దొరికిన పాఠం. ఇకెమెఫూనా సంగతి ఇంకా కఠినం. పొరుగూరి నుంచి పరిహారంగా వచ్చి, మూడేళ్లు ఆ ఇంట్లో పెరిగి, ఒకాంక్వోను నాన్నా అని పిలిచిన పిల్లవాడు వాడు. వాణ్ణి చంపాలని దైవవాక్కు వచ్చింది. ఆ చావులో నువ్వు చెయ్యి పెట్టొద్దని, ఆచారం బాగా ఎరిగిన ముసలి ఎజేవుడు ఇంటికొచ్చి మరీ చెప్పాడు. స్నేహితుడు ఒబియెరికా ఆ పనికి వెళ్లనే లేదు. ఒకాంక్వో వెళ్లాడు, తనను పిరికివాడనుకుంటారేమో అన్న భయంతో కత్తి దూశాడు. ఆచారం వద్దన్న చోట కూడా ఆచారం పేరుతో నరికాడు. న్వోయె లోపల తెగినది ఆ రాత్రి తెగింది. మిషనరీలు వచ్చేసరికి ఆ పిల్లవాడు సగం దారిలోనే ఉన్నాడు.

ఇంకో మెట్టు దిగితే ఇది మరింత స్పష్టమవుతుంది. చర్చికి పోయిన న్వోయె ఐజాక్ అయ్యాడు. 1960 నాటి 'నో లాంగర్ ఎట్ ఈజ్'లో ఆయన ముసలి ఉపదేశకుడు. కొడుకు ఒబీ ఇంగ్లండులో చదివి లేగోస్‌లో ఉద్యోగం చేస్తూ, క్లారా అనే అమ్మాయిని పెళ్లాడతానంటాడు. ఆమె 'ఓసు'. ఏ కాలంలోనో దేవుడికి అంకితమై, తరతరాలుగా వెలిలో ఉన్న కులం. తండ్రిని, తండ్రి దేవుళ్లను వదిలి వచ్చిన ఐజాక్ ఈ ఒక్క మాట దగ్గర మాత్రం కాదంటాడు. కొడుకు క్రైస్తవ ధర్మాన్ని ఎత్తి చూపినా వినడు. మరునాటి రాత్రి చీకట్లో ఒబీని పిలిచి తన కథ చెబుతాడు. తాను ఇల్లు వదిలితే తండ్రి శపించాడనీ, ఆ తండ్రి ఉరి పోసుకున్నాడన్న కబురు వచ్చినా తాను వెళ్లలేదనీ, కత్తితో బతికినవాడు కత్తితోనే పోతాడని జవాబిచ్చాననీ, అలా అనకూడదని మిషన్ దొరే మందలించాడనీ. తెలుగులో ఇంతటి తండ్రీ కొడుకుల సంభాషణ ఉందా అని వెతుక్కుంటాను నేను. తాను చెల్లించిన మూల్యాన్ని కొడుకు ముందు పెడుతున్నాడు ఆ ముసలాయన. మార్పు కోసం అంత చెల్లించినవాడు, ఆ మార్పుకు హద్దు కూడా తానే పెట్టాలనుకుంటాడు. చిమమాండా అడీచీ 2003లో రాసిన 'పర్పుల్ హైబిస్కస్'లో యూజీన్ ఈ వరసకు చివరి కొస. సైనిక ప్రభుత్వాన్ని ఎదిరించే పత్రికకు దన్నుగా నిలిచే ధైర్యవంతుడే, కన్నతండ్రి పాత దేవుళ్లను కొలుస్తాడని ఇంట్లో అడుగు పెట్టనివ్వడు. మనవలు తాతను చూడడానికి పావుగంట, ఆ ఇంట పచ్చి మంచినీళ్లు ముట్టకూడదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. తండ్రీ కొడుకులు తగువుపడాలంటే వారసత్వంగా ఏదో ఒకటి ఉండాలి కదా: పొలమో, బిరుదో, పూజారి పీఠమో, ఖిదిర్‌పూర్‌లో మేడో. అవేవీ లేనివాళ్లకు ఈ గొడవ ఎక్కడిది? ఒప్పుకుంటాను. కళ్యాణరావు 'అంటరాని వసంతం'లో ఆకలి, వెలి తరిమితే శివయ్య సీమోను అవుతాడు. ఆ కుటుంబానికి అసలు యుద్ధం ఇంటి బయటి వాళ్లతో. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో ప్రచురించిన 'మాలపల్లి' ఈ విషయాన్ని ఇంకా సూటిగా చూపిస్తుంది. చౌదరయ్యకూ కొడుకు రామానాయుడికీ పడదు. కొడుకు సంస్కరణ భావాలు తండ్రికి గిట్టవు. కానీ చౌదరయ్య కోపం దెబ్బగా పడింది కొడుకు మీద కాదు, కొడుకు స్నేహితుడైన పాలేరు సంగదాసు మీద. చచ్చిపోయింది సంగదాసు. ఒకాంక్వో ఊరైన ఉముయోఫియాలో చచ్చిపోయింది ఇకెమెఫూనా. లేగోస్‌లో నలిగిపోయింది క్లారా. ఈ అభ్యంతరం నా వాదనను కొట్టెయ్యదు, దానికి బరువు పెంచుతుంది. తండ్రి తీసిన తలుపు ఎంతవరకు తెరవాలన్న తగువు ఇంట్లో ఇద్దరిదే అయినా, ఆ రెక్కల మధ్య నలిగేది ఎప్పుడూ బయట నిలబడ్డ మూడో మనిషి.

మధుసూదన్ 1848లో మద్రాసు చేరి అనాథాశ్రమ బడిలో పంతులయ్యాడు. అక్కడి నుంచి మరుసటి ఏడు స్నేహితుడు గౌర్‌దాస్ బసాక్‌కు రాసిన ఉత్తరంలో తన దినచర్య ఉంది. హీబ్రూ, గ్రీకు, లాటిన్‌లతో పాటు మధ్యాహ్నం వేళ తెలుగు, సంస్కృతం చదువుతున్నానంటాడు. ఇదంతా తన తండ్రుల భాషకు సొగసు దిద్దడానికి కాదా అనీ అడుగుతాడు. తండ్రిని వదిలి ఐదారేళ్లయ్యాక రాసిన మాట అది. 1855లో రాజనారాయణ్ పోయాడు. అంత్యక్రియలకు కొడుకు లేడు. ఆస్తిని జ్ఞాతులు ఆక్రమించుకుంటున్నారన్న కబురు అందాక, 1856లో కలకత్తా తిరిగొచ్చాడు. 1861లో 'మేఘనాదవధ కావ్యం' ప్రచురించాడు. రామాయణాన్ని తిప్పి, కొడుకును పోగొట్టుకున్న రావణుడి గుండె దగ్గర నిలబెట్టాడు.

రాజనారాయణ్ ఇంటి పక్కనున్న ఆ గార్డెన్ రీచ్ పేరు ఉత్తరాంధ్ర రైల్వే ఇళ్లలో తెలియనివాళ్లు ఉండరు. బెంగాల్ నాగపూర్ రైల్వేకు, ఆ తర్వాత ఆగ్నేయ రైల్వేకు ప్రధాన కార్యాలయం అక్కడే. 2003లో భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు కోస్తా రైల్వే వచ్చేదాకా వాల్తేరు డివిజన్‌కు కాగితాలన్నీ గార్డెన్ రీచ్ నుంచే వచ్చేవి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఎందరో ఆ రైలు పట్టాల వెంట ఖరగ్‌పూర్‌కూ కలకత్తాకూ వెళ్లి స్థిరపడ్డారు. అలాంటి ఇళ్లలో తెలుగు చదవడం రాని కొడుకు మీద, బెంగాలీ కోడలి మీద తండ్రులు పడే బాధ నాకు చిన్నదిగా అనిపించదు. కానీ పొలం గట్టు వదిలి రైలెక్కిన మొదటివాడు ఆ కొడుకు కాదు. పిల్లవాణ్ణి ఇంగ్లీషు బడిలో వేసి, ఇంట్లో కూడా ఆ భాషే మాట్లాడమన్నది వాడు కాదు. కోడలి కులం అడిగే ముందు తానెందుకు ఊరు వదిలాడో, ఎవరు వద్దన్నా వదిలాడో, అక్కడ ఎవరి చావుకు వెళ్లలేకపోయాడో ఆ తండ్రి కొడుకుకు చెప్పాలి. ఐజాక్ చెప్పాడు. కానీ క్లారా విషయంలో తిరుగులేని తీర్మానం అయిపోయాకే చెప్పాడు.