బోనెట్ కింద ఉన్నదీ ఇల్మే

పాత అంబాసిడర్లకి మళ్ళీ రోజులొచ్చాయి. షాదీలకనీ, షూటింగులకనీ, ఉత్త షౌఖు కోసమనీ కొని బాగుచేయిస్తున్నారు. ఖుషీ కబురే. కానీ పైసలన్నీ ఎటు పోతున్నాయి? రంగుకి, సీట్లకి, బంపరు మెరుపుకి. డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెడితే ఎండి పెళుసెక్కిన వైర్లు, వాటి మీద టేపు, ఆ టేపు మీద ఇంకో టేపు. చెహరాకి మేకప్, నరాలకి ఫాలిజ్!

కొందరు చేసే ఇలాజ్ ఇంకా ఘోరం. పాత వైరింగ్ మొత్తం పీకి పారేసి, ఒకే ఎర్ర వైరు చుట్టలోంచి అన్నిటికీ లాగేస్తారు. బండి స్టార్టయింది, మాషా అల్లా! రేపు పొగ లేస్తే ఏ వైరు ఎటు పోతోందో వేసినవాడికే తెలీదు.

ఆ రంగులు సింగారం కోసం పెట్టినవి కావు. అంబాసిడర్ ఖాందాన్ ఇంగ్లండుది, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టింది. ఆ బ్రిటిష్ బళ్ళ వైరింగ్‌ది లూకాస్ తరీఖా. బ్రౌన్ అంటే ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు, ఖబర్దార్. తెలుపు తాళం తిప్పాక వచ్చేది. ఆకుపచ్చ తాళమూ ఫ్యూజూ రెండూ దాటి వచ్చేది. ఊదా తాళంతో పనిలేకుండా ఫ్యూజు దాటి వచ్చేది. నీలం హెడ్‌లైట్లకి, ఎరుపు సైడు లైట్లకి, వెనక లైట్లకి, నలుపు ఎర్తుకి. ఇదొక లిపి. అంతా ఎర్ర వైరే వేయడమంటే ఒక్క అలిఫ్‌తో కితాబు మొత్తం రాయడమే. పైగా ఆ కాలపు బ్రిటిష్ బళ్ళలో చాలావాటికి బ్యాటరీ ప్లస్సే బాడీకి ఎర్తు. అది చూసుకోకుండా ఆల్టర్నేటర్ బిగిస్తే డయోడ్లు ఖతం.

ఇంజను సంగతీ ఇంతే. ‘అంబాసిడర్ సామానే కదా’ అని తెచ్చేస్తారు. ఏ అంబాసిడర్? మొదట్లో సైడ్ వాల్వ్ ఇంజను. తర్వాత 1489 సీసీ బీఎంసీ ఇంజను, వాల్వులు పైన. ఆపైన డీజిల్. 1990లలో ఇసుజు 1.8. 2014లో తయారీ ఆగేలోపు ఎన్ని బళ్ళ ఇంజన్లు మారాయో! కాగితం ఒకటి చెబుతుంది, ఇనుము ఇంకోటి చెబుతుంది. ఉస్తాద్ మాత్రం బోనెట్ ఎత్తి ఒక్క నజర్ వేస్తాడు. కార్బొరేటర్ ఎడమ పక్క, డెల్కో, ప్లగ్గులు కుడి పక్క ఉన్నాయా? అయితే బీఎంసీ పెట్రోలు. ఫైరింగ్ 1-3-4-2.

ఈ ఇల్మ్ ఎవరి దగ్గరుంది? మన గల్లీల్లో, గ్రీజు చేతుల ఉస్తాదుల దగ్గర. మనం వాళ్ళకిచ్చే ఇజ్జత్ ఏంటి? జల్సాల్లో అల్ జజరీ పేరు చెప్పి ఛాతీ విరుచుకుంటాం. 1206లో యంత్రాల మీద కితాబు రాశాడు, బొమ్మలు గీసి మరీ చూపాడు అంటాం. ఇంటికొచ్చాక పిల్లాణ్ణి ‘చదవకపోతే మెకానిక్ షెడ్డులో పడేస్తా’ అని బెదిరిస్తాం. రిష్తా వస్తే ‘లడ్కా క్యా కర్తా?’ అని అడిగి, మెకానిక్ అనగానే చాయ్ తాగి లేచిపోతాం. జజరీ కూడా చేతుల్తో పని చేసినవాడే కదా భాయీ! మన గల్లీకొస్తే ఆయనకి పిల్లనిస్తామా?

‘కరెంటు కార్లొచ్చాక ఈ పాత హునర్ దేనికి’ అంటారు. కరెంటు కారంటేనే వైరింగ్ కదా! వైరు చదవడం వచ్చినవాడికి అక్కడా రోటీ ఉంటుంది.

ఉస్తాదుల మీదా నాకో షికాయత్ ఉంది. నేర్చింది సీనాలో దాచుకుని పోతున్నారు. జజరీ రాశాడు కాబట్టే మనకి తెలిశాడు. డిగ్రీ చదివిన కొడుకులూ కూతుళ్ళూ వాళ్ళ పక్కన కూర్చోవాలి. వైరు కోసేముందు దానికో చీటీ కట్టాలి, ఫోటో తీయాలి, ఎక్కణ్ణుంచి ఎక్కడికో తెలుగులోనో ఉర్దూలోనో గీసి పెట్టాలి. ఇది అమానత్. ఉస్తాద్ జనాజా లేచాక ఎంత ఏడ్చినా ఆ బ్రౌన్ వైరు ఎటు పోతుందో చెప్పేవాడుండడు.