కాలనీ గ్రూపుల్లో గౌరవంగా మాట్లాడుకుందాం: మేడ్చల్, శామీర్‌పేట వాసులకు మనవి



2025 జనవరి 1న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు 23 కిలోమీటర్లు, జేబీఎస్ నుంచి శామీర్‌పేటకు 22 కిలోమీటర్లు మెట్రో ప్రకటించారు. అంతకు ముందే, 2024 మార్చి 7న, రాజీవ్ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్‌కు అల్వాల్‌లో శంకుస్థాపన జరిగింది. తూముకుంట నుంచి రోజూ సికింద్రాబాద్ వెళ్లి రావడానికి నరకం పడే ఉద్యోగికి ఇది ప్రాణం లేచివచ్చిన కబురు. అదే రోడ్డు పక్కన ఏళ్లుగా దుకాణం నడుపుకుంటున్నాయనకు నిద్ర పట్టనివ్వని కబురు. రోడ్డును 200 అడుగులకు వెడల్పు చేస్తే తన గోడ ఎక్కడ దాకా మిగులుతుందో ఆయనకు అంతుపట్టడం లేదు. ఈ ఇద్దరూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉన్నారు.

"వెడల్పు కొంచెం తగ్గించమని అడుగుదామా?" అని ఒకాయన పెడతాడు. "నీ బిల్డింగు పోతదనే కదా నీ ఏడుపు" అని జవాబు, దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. "నిన్నగాక మొన్న ఫ్లాటు కొన్నోళ్లు మాకు చెప్పొచ్చిండ్రా" అని అటునుంచి ఎదురు. ఇక ఊరివాళ్లు, బయటివాళ్లు అని గ్రూపు రెండు ముక్కలు. ఆ గోలలోనే ఒకామె "నోటిఫికేషన్ వస్తే అభ్యంతరం ఎక్కడ ఇవ్వాలండీ?" అని అడుగుతుంది. ఎవరూ పట్టించుకోరు. తెల్లారేసరికి ఆమె గ్రూపులో ఉండదు.

అసలు నష్టం అక్కడే జరుగుతోంది. ఆమె అడిగినదానికి జవాబు ఉంది. 2013 భూసేకరణ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన 60 రోజుల్లోగా కలెక్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వొచ్చు. ఇది ఆ గ్రూపులో ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. కానీ నోరు తెరిస్తే మాట పడాల్సి వస్తుందని తెలిసినవాళ్లు ఊరుకుంటున్నారు. కలెక్టరాఫీసులో సర్వే నంబరు, గజాలు, రిజిస్ట్రేషన్ కాగితాలు అడుగుతారు. మనం తిట్టుకున్న తిట్లు ఏ ఫైలుకూ ఎక్కవు. మెట్రో తొందరగా రావాలనేవాళ్లూ ఇది ఆలోచించాలి: భూమి పోయేవాడి సందేహం మన మధ్యే తీరకపోతే అతను కోర్టుకెక్కుతాడు. అది అతని హక్కు కూడా.

"66ఏ కొట్టేశారు కదా, ఏమైనా అనొచ్చు" అనేవాళ్లూ ఉన్నారు. సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను 2015 మార్చి 24న కొట్టేసింది. మంచి పని చేసింది. ఒక పోస్టు పెట్టినందుకు, దానికి లైక్ కొట్టినందుకు కూడా ఆడపిల్లల్ని అరెస్టు చేసిన సెక్షన్ అది. కానీ పరువునష్టం ఇప్పటికీ నేరమే. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. అయినా పొద్దున లేస్తే మొహాలు చూసుకునే ఇరుగుపొరుగు స్టేషన్ దాకా పోవడమెందుకు?

కార్పొరేటర్నీ, ఎమ్మెల్యేనీ, మెట్రో అధికారుల్నీ గట్టిగా నిలదీయండి. మేమూ నిలదీస్తాం. పక్కింటివాళ్లతో మాత్రం "గారు" అని మొదలుపెట్టి, వాదన మీదే మాట్లాడండి. కులం, ఊరు, యాస, అద్దె ఇల్లా సొంతిల్లా అన్న మాట ఎత్తకండి. మెయింటెనెన్స్ బాకీ ఉన్నవాళ్ల ఫ్లాటు నంబర్లు గ్రూపులో పెట్టి పరువు తీయకండి. తలుపు తట్టి అడగండి. రాత్రిపూట కోపంలో రికార్డు చేసిన వాయిస్ మెసేజ్‌ని పొద్దున ఒకసారి మీరే విన్నాక పంపాలో వద్దో తేల్చుకోండి.

అడ్మిన్లకు ప్రత్యేకంగా ఒక మాట. తిట్టింది మీ స్నేహితుడైనా ఆ మెసేజ్ తీసేయండి. మీ మాట కాదన్నాడని మాత్రం ఎవర్నీ గ్రూపు నుంచి తీసేయకండి.

వచ్చే ఆదివారం మీ కాలనీ మీటింగులో ఈ కరపత్రం చదివి వినిపించండి. మాటలు పడలేక గ్రూపు విడిచి వెళ్లినవాళ్లకు మీరే ఫోన్ చేసి, మళ్లీ రమ్మని పిలవండి.

ఇట్లు,
మేడ్చల్, శామీర్‌పేట కాలనీవాసులు కొందరు