పిన్ను మార్చే ముందు ఒకసారి లోపలికి చూడండి

హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ మొదలు మండల కేంద్రంలోని చిన్న సెల్‌ఫోన్ దుకాణం దాకా తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఛార్జింగ్ పిన్ను పోయింది, మార్చాలి." నిజంగా పోయినవీ ఉంటాయి. కొన్నింటికి మాత్రం పట్టిన జబ్బు ఒట్టి నూగు.

జేబులోని నూలు పోగులు, హ్యాండ్‌బ్యాగులోని దుమ్ము ఛార్జింగ్ పోర్టు అనే ఆ చిన్న రంధ్రంలో చేరుతూనే ఉంటాయి. కేబుల్ పెట్టిన ప్రతిసారీ అవి వెనక గోడకు అదుముకుపోతాయి. కొన్ని నెలలకు అది ఎంత గట్టిపడుతుందంటే, కేబుల్ చివరిదాకా దిగదు. వంకరగా పట్టుకుంటేనే ఛార్జింగ్ ఎక్కుతుంది, చెయ్యి తీస్తే ఆగిపోతుంది. ముందు వేరే కేబుల్, వేరే ఛార్జర్ పెట్టి చూడాలి. అయినా తీరు మారకపోతే, కేబుల్ మూతి కాస్త బయటికే నిలిచిపోతుంటే, అనుమానించాల్సింది నూగునే.

నేటి ఫోన్లలో ఎక్కువగా ఉండే టైప్-సి ప్రమాణం 2014లో వచ్చింది. ఐఫోన్ 2023లో, 15వ మోడల్‌తో ఆ దారి పట్టింది. ప్రమాణం ప్రకారం ఈ పోర్టు 10,000 సార్లు కేబుల్ పెట్టి తీసినా తట్టుకోవాలి. రోజుకు మూడుసార్లు లెక్కేసుకున్నా తొమ్మిదేళ్లు. ఏడాది తిరక్కముందే "అరిగిపోయింది" అంటే వెంటనే నమ్మనక్కర్లేదు.

అసలు ప్రమాదం ఇంట్లో చేసే వైద్యంతోనే మొదలవుతుంది. చేతికి ముందు దొరికేది పిన్నీసు, లేదంటే గుండుసూది. టైప్-సి పోర్టు మధ్యలో మిల్లీమీటరు మందం కూడా లేని పలక ఉంటుంది. దానికి పైన 12, కింద 12 లోహపు పట్టీలు, ఒక్కోదానికీ మధ్య దూరం అర మిల్లీమీటరు. సూది మొన అక్కడ గీసుకుంటే పట్టీ లేస్తుంది, గట్టిగా నొక్కితే పలకే విరుగుతుంది. ఫోన్ ఆన్‌లో ఉంటే షార్ట్ అయ్యే ముప్పు అదనం. పైసా ఖర్చు లేకుండా పోయే నూగు కోసం పోర్టునే పోగొట్టుకోవడం ఎంత అన్యాయం!

చెక్క టూత్‌పిక్ చాలు. దాన్ని బ్లేడుతో పలచగా చెక్కుకోవాలి, లేకపోతే పలకకూ గోడకూ మధ్య సందులో దూరదు. ఛార్జర్ తీసేసి, ఫోన్ ఆఫ్ చేసి, పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని, ఎవరినైనా టార్చి వేయమనాలి. పుల్లను మధ్య పలకకు తగలనివ్వకుండా గోడ వెంట లోపలికి పోనిచ్చి, మూలల్లోని నూగును బయటికి లాగాలి. తొందర పడకూడదు. మిగిలిన దుమ్ముకు పొడిగా, మెత్తగా ఉన్న సన్నని బ్రష్ సరిపోతుంది. చెవిపుల్ల వద్దు, దాని దూదే లోపల మిగిలిపోతుంది. నోటితో ఊదడమూ వద్దు, తుంపరలు పడతాయి.

తడిసిన ఫోన్ సంగతి వేరు. దాన్ని బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మన ఇళ్లలో బలంగా ఉంది. బియ్యపు నలుసులు ఫోన్‌ను పాడుచేయవచ్చని, అలా పెట్టవద్దని ఆపిల్ స్పష్టంగా చెబుతోంది. పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని చేతితో మెల్లగా తట్టి, గాలి ఆడే చోట ఆరబెట్టాలి. కనీసం అరగంట ఛార్జింగ్ జోలికి పోకూడదు. తడి పూర్తిగా ఆరడానికి ఒక్కోసారి రోజు కూడా పట్టవచ్చు. తడి మీద కరెంటు పారితే పట్టీలు తుప్పు పడతాయి.

పోర్టులో పచ్చగానో నల్లగానో మచ్చలు కనిపించినా, మధ్య పలక కదులుతున్నా, కాలిన వాసన వచ్చినా ఇంటి పని అక్కడితో ఆపి మెకానిక్ దగ్గరికే వెళ్లాలి. కొన్ని ఫోన్లలో పోర్టు విడి బోర్డు మీద ఉంటుంది, సులువుగా మారుతుంది. కొన్నింటిలో మెయిన్ బోర్డుకే అతికి ఉంటుంది, పని పెద్దది.

వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన 'రైట్ టు రిపేర్' (మరమ్మతు హక్కు) పోర్టల్ పరిధిలో మొబైల్ ఫోన్లూ ఉన్నాయి. ఆ స్ఫూర్తి ఫోన్ పెట్టెలోకీ రావాలి: పోర్టు శుభ్రం చేసే పద్ధతిని కంపెనీలు బొమ్మలతో, తెలుగులో అచ్చు వేసి ఇవ్వాలి. దుకాణదారులు ధర చెప్పే ముందు పోర్టును పరీక్షించాలి. పిన్ను మార్చాలని ఎవరైనా అంటే, లోపల ఏముందో టార్చి వేసి చూపించమని అడగండి.